జవాన్లకు మనం పంపే డబ్బు ఎక్కడికి చేరుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయంటే అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, కాలేజీ బ్యాచ్ గ్రూపుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో ఒకటే మాట: మనమూ ఏదో ఒకటి చేయాలి కదా అని. అక్కడి దాకా బాగానే ఉంటుంది. ఏ ఖాతాలో వేయాలి, ఎవరికి చేరుతుంది, ఆ మెసేజ్ నిజమేనా అనే దగ్గరికి వచ్చేసరికి తలో మాట చెబుతారు. అలా పదేపదే వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాం. ఎక్కువగా మన దేశం సంగతులే. ఈ పద్ధతి పాత రోజుల్లో ఎలా ఉండేదో చెప్పడానికి మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఒకసారి వెళ్లొస్తాం.

మన విరాళాలతో సైన్యం తుపాకులు, తూటాలు కొంటుందా?

కొనదు. ఆయుధాలు, మందుగుండు, జీతాలు, రేషన్, యూనిఫాం, మిలటరీ ఆస్పత్రులు, అన్నీ పార్లమెంటు ఆమోదించే రక్షణ బడ్జెట్‌లోంచే వస్తాయి. 2025-26లో ఆ బడ్జెట్ 6.81 లక్షల కోట్ల రూపాయలు. దేశంలో 140 కోట్ల మందీ తలా వంద వేసినా 14 వేల కోట్లు, అంటే రెండు శాతం చిల్లర. "మీ వంద రూపాయలతో ఒక తూటా" అని ఎవరైనా అడుగుతుంటే అక్కడే అనుమానించండి.

మరి మన డబ్బు దేనికి?

రెండు పనులకు. ఒకటి, సర్కారు రూల్సులో చోటు దొరకని చిన్న చిన్న సౌకర్యాలు. రెండోది, కాల్పులు ఆగాక మిగిలే మనుషులు: కాలు పోయిన జవాను, ఇద్దరు పిల్లలతో మిగిలిన భార్య, పెన్షన్ రాని ముసలి సిపాయి. టీవీల్లో మొదటిదే కనిపిస్తుంది. డబ్బు అవసరం మాత్రం రెండోదానికే ఎక్కువ, అదీ ఏళ్ల తరబడి. ఈ పేజీలో మేం చెప్పే సలహాలన్నీ దాదాపు ఈ లెక్క మీదే నడుస్తాయి.

సైనికుల సౌకర్యాలకు జనం చందాలు వేయడం ఎప్పటి నుంచి ఉంది?

పెద్ద ఎత్తున, ఒక పద్ధతి ప్రకారం జరిగినవాటిలో బాగా తెలిసింది 1914 నాటిది. ఆ ఏడాది అక్టోబరులో బ్రిటన్ రాజు అయిదో జార్జి కూతురు, పదిహేడేళ్ల మేరీ, ముందు వరుసలో ఉన్న ప్రతి సైనికుడికీ, నావికుడికీ క్రిస్మస్‌కు ఒక కానుక పంపుదామని పత్రికల్లో విజ్ఞప్తి చేసింది. జనం చందాలు వేశారు, లక్షా అరవై వేల పౌండ్లు దాటింది. దాంతో చేయించింది ఇత్తడి డబ్బా. మూత మీద మేరీ బొమ్మ, లోపల పొగాకు, సిగరెట్లు, ఒక గ్రీటింగ్ కార్డు.

అప్పటికే మన సిపాయిలు ఫ్రాన్స్‌లో బురద కందకాల్లో ఉన్నారు. అందరికీ పొగాకు పంపితే కుదరదని నిర్వాహకులకు ముందే తట్టింది. గూర్ఖాలకు బ్రిటిష్ సైనికులకు ఇచ్చినదే. సిక్కులకు పొగాకు లేకుండా పటికబెల్లం, మసాలా దినుసుల డబ్బా. మిగతా భారతీయ దళాలకు సిగరెట్ ప్యాకెట్, పటికబెల్లం, మసాలా డబ్బా. నూట పది ఏళ్ల కిందట ఎవరికి ఏది పడుతుందో ఇంత పట్టించుకున్నారంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇవాళ మన దగ్గర అడగకుండా లారీలకు లారీలు బిస్కెట్లు పంపించే వాళ్లు ఒకసారి ఆలోచించాల్సిన విషయం. అన్నీ క్రిస్మస్‌కు అందలేదు లెండి. ఇత్తడికి కరువొచ్చింది. 1915 మేలో జర్మన్లు ముంచేసిన లూసిటేనియా ఓడలో ఈ డబ్బాల కోసం తెస్తున్న ఇత్తడి కూడా ఉంది.

అదే 1914 అక్టోబరులో లండన్‌లో ఇండియన్ సోల్జర్స్ ఫండ్ అని ఇంకొకటి మొదలైంది. మన సిపాయిలకు ఉన్ని మేజోళ్లు, చలి బట్టలు, బెల్లం, మసాలాలు, తలపాగా గుడ్డలు, ఖురాన్, గ్రంథ్ సాహిబ్ ప్రతుల వంటివి పంపేది. దక్షిణ ఇంగ్లండ్‌లోని బ్రాకెన్‌హర్స్ట్‌లో, వైస్రాయ్ హార్డింజ్ భార్య లేడీ హార్డింజ్ పేరుతో మన గాయపడ్డ సిపాయిల కోసం ఒక ఆస్పత్రి కూడా నడిపింది.

మనకు సంబంధించిన ముచ్చట ఇంకొకటుంది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ ప్రెసిడెన్సీలో మద్రాస్ వార్ ఫండ్ అని చందాలు పోగుచేసి, ఒక ప్రయాణికుల ఓడను ఆస్పత్రిగా మార్చి, దానికి 'మద్రాస్' అని పేరు పెట్టి మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్) యుద్ధానికి పంపారు. ఆ చందా పుస్తకాల్లో కొన్ని సంతకాలు తెలుగులో ఉండే ఉంటాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లోనే ఇండియన్ కంఫర్ట్స్ ఫండ్ ఏర్పడింది. జర్మనీ, ఇటలీ శిబిరాల్లో బందీలుగా ఉన్న మన సైనికులకు పప్పు, గోధుమపిండి, మసాలా పొడులు కట్టిన పార్సిళ్లు పంపడం దాని ప్రధానమైన పని. మొత్తం మీద ఆ పార్సిళ్లు పది లక్షలు దాటాయి. ఓడల్లో పనిచేసే మన ఖలాసీలకు స్వెట్టర్లు, మేజోళ్లు కూడా ఇచ్చేది. పరాయి దేశంలో బందీగా ఉన్న మనిషికి కొంచెం పప్పు వాసన ఎంత ఊరటో ప్రత్యేకంగా చెప్పాలా.

ఇప్పుడు మన దేశంలో ఎన్ని నిధులున్నాయి? ఏది దేనికి?

ప్రధానంగా నాలుగు గుర్తుపెట్టుకుంటే చాలు.

జాతీయ రక్షణ నిధి. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు డబ్బు, బంగారం రూపంలో వచ్చిపడుతున్న విరాళాల కోసం పెట్టారు. ప్రధానమంత్రి అధ్యక్షుడు, రక్షణ, ఆర్థిక, హోం మంత్రులు సభ్యులు. ప్రభుత్వ బడ్జెట్ నుంచి ఇందులోకి ఒక్క రూపాయి రాదు, అంతా జనం ఇచ్చిందే. ప్రస్తుతం ఇందులోంచి నడిచే ముఖ్యమైన పని ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. మాజీ సైనికుల పిల్లలు, వితంతువులు ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్ లాంటి వృత్తి కోర్సుల్లో చేరితే ఇస్తారు. 2019లో నెలకు అబ్బాయిలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు చేశారు. ఉగ్రవాదులు, నక్సలైట్ల దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలను కూడా అప్పుడే ఇందులో చేర్చారు.

సాయుధ దళాల పతాక నిధి. ఏటా డిసెంబరు 7న జేబుకు గుచ్చుకునే చిన్న జెండా ఉంది చూశారూ, ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు, త్రివిధ దళాలకు గుర్తుగా, ఆ డబ్బు. 1949 నుంచి ఉంది. వేర్వేరుగా ఉన్న కొన్ని సంక్షేమ నిధులను 1993లో ఇందులో కలిపేశారు. మాజీ సైనికుల సంక్షేమం చూసే ఢిల్లీలోని కేంద్రీయ సైనిక్ బోర్డు దీన్ని చూసుకుంటుంది. దీని గురించి కింద వివరంగా చెప్తాం.

సాయుధ దళాల యుద్ధ క్షతగాత్రుల సంక్షేమ నిధి. దీని పుట్టుక 2016 ఫిబ్రవరిలో. సియాచిన్‌లో మంచు చరియ విరిగిపడి పదిమంది సైనికులు కూరుకుపోయారు, వారిలో ఒకరు మన కర్నూలు జిల్లా వాడు. వాళ్లకు డబ్బు ఇస్తామని దేశం నలుమూలల నుంచి జనం ముందుకొచ్చారు, కానీ తీసుకోవడానికి సరైన చోటు లేదు. దాంతో 2017లో నిధిని ఏర్పాటుచేసి 2016 ఏప్రిల్ నుంచి వర్తింపజేశారు. చనిపోయిన జవాను కుటుంబానికి దీనిలోంచి ఇచ్చే సాయాన్ని 2 లక్షల నుంచి 8 లక్షలకు పెంచడానికి 2019లో రక్షణ మంత్రి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. దీనికోసం 2022 అక్టోబరులో 'మా భారతీ కే సపూత్' అనే వెబ్‌సైట్ తెరిచారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. యూనిట్ రికార్డుల్లో 'బ్యాటిల్ క్యాజువాలిటీ' అని నమోదైతేనే ఈ సాయం. సెలవులో ఇంటికొస్తూ రోడ్డు ప్రమాదంలో చనిపోతే 'ఫిజికల్ క్యాజువాలిటీ' అంటారు, ఆ కుటుంబం దీనికి రాదు.

భారత్ కే వీర్. ఇది ఆర్మీది కాదు, హోం శాఖది. కింది ప్రశ్న చూడండి.

పుల్వామాలో చనిపోయిన వాళ్ల కోసం ఆర్మీ నిధికి పంపాను. సరిగ్గానే చేరిందా?

డబ్బు ఆర్మీకి చేరింది. పుల్వామా కుటుంబాలకు కాదు. 2019 ఫిబ్రవరి 14న చనిపోయిన నలభై మందీ సీఆర్పీఎఫ్ జవాన్లు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, ఐటీబీపీ లాంటివి హోం శాఖ కింద పనిచేస్తాయి. పతాక నిధి, సైనిక్ బోర్డులు వాళ్లవి కావు. వాళ్ల కోసం 2017 ఏప్రిల్ 9న భారత్ కే వీర్ మొదలైంది. అందులో ఒక్కో అమరుడి పేరు మీద నేరుగా జమ చేయవచ్చు, ఒక్కొక్కరికి 15 లక్షల పరిమితి ఉంది. లేదా ఉమ్మడి నిధికి ఇవ్వవచ్చు. ఉమ్మడి నిధికే ఇవ్వమంటాం. టీవీలో ఫొటో వచ్చిన జవాను ఖాతా ఒక్క రోజులో నిండుతుంది. ఛత్తీస్‌గఢ్ అడవిలో మందుపాతర పేలి చనిపోయిన వాడి పేరు ఎవరికీ తెలియదు.

"సైన్యం ఆధునికీకరణకు రోజుకు ఒక్క రూపాయి" అన్న మెసేజ్ నిజమేనా?

ఆధునికీకరణ అన్న మాట తప్పు, అందులోని ఖాతా వివరాలు తప్పు. ఒక సినిమా హీరో సలహా ఇచ్చాడట, కేబినెట్ నిర్ణయం తీసుకుందట, సైన్యానికి ఆయుధాలు కొనడానికీ గాయపడ్డ వాళ్లకూ ఖాతా తెరిచారట, 140 కోట్ల మంది రోజుకో రూపాయి వేస్తే ఎంతవుతుందో లెక్క కట్టి చూపిస్తారు. ఇది 2016 నుంచి తిరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మళ్లీ ఊపందుకుంది. ఇది తప్పుదోవ పట్టించే మెసేజ్ అని, అందులో ఇచ్చిన వివరాలు సరిగా లేక జనం పంపిన డబ్బు తిరిగి వెళ్లిపోతోందని రక్షణ శాఖ ప్రకటించాల్సి వచ్చింది.

ఈ మెసేజ్‌లో సగం నిజం ఉండటమే దీని బలం. యుద్ధంలో గాయపడ్డ వాళ్ల కోసం నిధి నిజంగానే ఉంది. దానికి ఆయుధాల కథ అతికించారు. దీన్ని చూసి ఇంకొందరు అలాంటి పేర్లతోనే యూపీఐ ఐడీలు పెట్టి దండుకుంటారు. ఫార్వర్డ్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌ను ఎప్పుడూ స్కాన్ చేయకండి. బ్రౌజర్‌లో మీరే వెతికి, చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసి, అక్కడి నుంచే కట్టండి.

నిజాం నవాబు అయిదు టన్నుల బంగారం దానం చేశాడట, నిజమా?

హైదరాబాద్‌లో ఈ కథ తెలియనివాడు ఉండడు. 1965 యుద్ధం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి అడగగానే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అయిదు టన్నుల బంగారం ఇచ్చేశాడని, ఇనప్పెట్టెలు మాత్రం తిరిగి పంపమన్నాడని చెప్పుకుంటారు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే జాతీయ రక్షణ నిధి దగ్గర అలాంటి విరాళం వివరమే లేదని ప్రధాని కార్యాలయం జవాబిచ్చింది. అప్పటి పత్రికల ప్రకారం జరిగింది వేరు: నిజాం 425 కిలోల బంగారాన్ని 6.5 శాతం వడ్డీకి జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టాడు. అది దానం కాదు, పెట్టుబడి. అయినా చిన్న విషయమేమీ కాదు. దేశానికి విదేశీ మారకద్రవ్యం కటకటగా ఉన్న రోజుల్లో నాలుగు క్వింటాళ్ల బంగారం సర్కారు చేతికి వచ్చింది. ఉన్నది చెప్పుకున్నా ఆయన పరువేమీ పోదు, మనవాళ్లకే అయిదు టన్నులైతే తప్ప తృప్తి ఉండదు.

నిజమైన దానాలు చేసినవాళ్లు మామూలు జనమే. 1962లో ఆడవాళ్లు చేతి గాజులు, ఉంగరాలు తీసి ఇచ్చారు. 1965లో ఎన్టీఆర్ తోటి నటులతో కలిసి ఊరూరా తిరిగి రక్షణ నిధికి చందాలు పోగుచేశారు. మీ ఇంట్లో డెబ్బయ్యయిదు దాటిన పెద్దవాళ్లుంటే అడగండి, ఎవరో ఒకరికి గుర్తుంటుంది.

పతాక దినం డబ్బు చివరికి ఎవరి చేతికి వెళ్తుంది?

స్కూల్లో టీచరు పిల్లల చేతికి స్టిక్కరు జెండాలు ఇచ్చి పదో ఇరవయ్యో తెమ్మంటుంది. ప్రభుత్వ ఆఫీసుల్లో డబ్బా తిరుగుతుంది. జిల్లాలో పోగైన డబ్బుకు లెక్క జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉంటుంది. జిల్లా సైనిక్ బోర్డుకు కలెక్టరు అధ్యక్షుడు, పైన రాష్ట్ర బోర్డు, దానిపైన కేంద్రీయ బోర్డు.

తీసుకునేవాళ్లను చూస్తే ఈ నిధి విలువ అర్థమవుతుంది. సైన్యంలో చేసినవాళ్లందరికీ పెన్షన్ వస్తుందని చాలామంది అనుకుంటారు. పదిహేనేళ్ల సర్వీసు పూర్తికాకుండా బయటికొచ్చిన సిపాయికి మామూలుగా సర్వీసు పెన్షన్ రాదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే ఇంటికి పంపేసిన లక్షల మందికీ రాలేదు. అలాంటివాళ్లకు 65 ఏళ్లు దాటాక, హవల్దారు ర్యాంకు వరకు, పెన్యూరీ గ్రాంట్ అని నెలనెలా ఇస్తారు. వాళ్లు పోతే భార్యకు వస్తుంది. చాలాకాలం అది నెలకు 4,000 రూపాయలు. 2025 నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు 8,000 చేశారు. పిల్లల చదువుకు నెలకు 1,000 ఉన్నది 2,000 అయింది, ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా. కూతురి పెళ్లికి 50 వేలు ఉన్నది లక్ష. ఈ పెంపుతో ఏడాదికయ్యే ఖర్చు సుమారు 257 కోట్లు, అంతా పతాక నిధిలోంచే.

ఎనిమిది వేలంటే హైదరాబాద్‌లో ఒక గది అద్దె కూడా రాకపోవచ్చు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్లో, సొంత ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మకు మందులు, బియ్యం, కరెంటు బిల్లు గడిచిపోతాయి. ఇంటికొకరు చొప్పున రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరది.

డబ్బు కాకుండా దుప్పట్లు, పచ్చళ్లు, స్వీట్లు పంపవచ్చా?

మీ అబ్బాయికైతే నిక్షేపంగా పంపండి. 56 ఏపీఓ, 99 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామాల మీద ఆవకాయ సీసాలు ఎప్పటినుంచో వెళ్తున్నాయి. మూత చుట్టూ టేపు గట్టిగా చుట్టండి, నూనె కారితే పక్కవాడి ఉత్తరాలు కూడా పాడవుతాయి.

ఎవరో తెలియని యూనిట్‌కు లారీ నింపి పంపుతామంటే మాత్రం వద్దనే చెప్తాం. యుద్ధ సమయంలో ఆ రోడ్ల మీద మందుగుండు, డీజిల్, అంబులెన్సులు వెళ్లాలి. మీ దుప్పట్లను దింపడానికీ, లెక్క రాయడానికీ, పంచడానికీ యూనిట్‌లోంచే మనుషులు కావాలి. పైగా సముద్ర మట్టానికి పదిహేను వేల అడుగుల ఎత్తున మనం కప్పుకునే దుప్పటి దేనికీ పనికిరాదు.

వస్తురూపంలో ఇచ్చి మంచి చేసిన వాళ్లు లేకపోలేదు. పుణెకు చెందిన ఒక జంట తమ నగలు అమ్మి, ఇంకొందరి దగ్గర పోగుచేసి, సియాచిన్ బేస్ క్యాంపు దగ్గర ఆక్సిజన్ ప్లాంటు పెట్టించారు. 2019లో అది సైన్యం చేతికి వచ్చింది. వాళ్లు ముందు వెళ్లి సైన్యాన్ని అడిగారు, ఏం కావాలో తెలుసుకున్నారు, అనుమతుల కోసం ఓపికపట్టారు. వరస అదీ.

సియాచిన్‌లో కళ్లద్దాలకే కొరత అని చదివాను. అప్పుడు మనమే కొనిపెట్టాలి కదా?

మీరు చదివింది నిజమే. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన, సర్కారు ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక మంచు కళ్లద్దాలకు 62 నుంచి 98 శాతం దాకా కొరత ఉందని రాసింది. ఎత్తయిన ప్రాంతాల రేషన్‌లో ఖరీదు లెక్క చూసి బదులు సరుకులు ఇవ్వడంతో జవాన్లకు అందాల్సిన క్యాలరీలు బాగా తగ్గాయనీ చెప్పింది. అది 2015-16 నుంచి 2017-18 మధ్య లెక్క.

చదివితే కోపం వస్తుంది, రావాలి కూడా. ఆ కోపం చూపించాల్సింది మీ ఎంపీ మీద, హుండీ మీద కాదు. కళ్లద్దాలూ బూట్లూ రక్షణ శాఖ కొనాల్సిన వస్తువులు. జనం చందాలతో ఆ లోటు పూడిస్తే వచ్చే ఏడాది కూడా ఆ పద్దు అలాగే ఉండిపోతుంది, అడిగేవాడు ఉండడు. చందాల డబ్బు సర్కారు బాధ్యతకు అదనంగా ఉండాలి, బదులుగా కాదు. సైన్యం లెక్కల్లో కూడా ఈ తేడా ఉంది: సర్కారు డబ్బు 'పబ్లిక్ ఫండ్', యూనిట్ సొంతంగా కూడబెట్టుకునేది 'రెజిమెంటల్ ఫండ్'. రెండో దానికి కమాండింగ్ ఆఫీసరు ధర్మకర్త లాంటివాడు. టీవీ, క్యారమ్ బోర్డు, ఆటల సామాన్లు ఎక్కువగా ఆ డబ్బుతోనే వస్తాయి.

జవాన్లు తమ సొంత డబ్బు కూడా వేసుకుంటారా?

వేసుకుంటారు. ఇది బయటివాళ్లకు పెద్దగా తెలియదు. 1976 నుంచి ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది, నెలనెలా జీతంలోంచే కోత. తోటి సైనికుడు చనిపోతే అతని ఇంటికి వెళ్లే డబ్బులో మిగతా వాళ్లందరి వాటా ఉంటుందన్నమాట. మిలటరీ క్యాంటీన్ సంగతి కూడా అంతే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలై, 1948 నుంచి ఇప్పటి రూపంలో నడుస్తోంది. అందులో వచ్చే మిగులులో కొంత తిరిగి బలగాల సంక్షేమానికే వెళ్తుంది. "క్యాంటీన్‌లో ఒక బాటిల్ ఇప్పించు బావా" అని మీరు అడిగే మీ బావ కోటా కూడా అందులో భాగమే, గుర్తుపెట్టుకోండి.

అమరుడి కుటుంబానికి నేరుగా ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, చట్టం అడ్డుకోదు. ముందు ఒక లెక్క తెలుసుకోండి. డ్యూటీలో ప్రమాదంలోనో ఉగ్రవాదుల చేతిలోనో చనిపోతే కేంద్రం ఎక్స్‌గ్రేషియా 25 లక్షలు, సరిహద్దు ఘర్షణలో అయితే 35 లక్షలు, యుద్ధంలో శత్రువు చేతిలో అయితే 45 లక్షలు. ఇన్సూరెన్స్, ఫ్యామిలీ పెన్షన్ వేరే. అగ్నివీరులకు పెన్షన్ ఉండదు, 48 లక్షల ఇన్సూరెన్స్ ఉంటుంది.

దీనిపైన రాష్ట్రాలు ఇచ్చేది రాష్ట్రానికో రకం. 2020 జూన్‌లో గాల్వాన్‌లో చనిపోయిన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ అయిదు కోట్లు, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. చెక్కులు రెండుగా రాశారు: భార్యకు నాలుగు కోట్లు, తల్లిదండ్రులకు ఒక కోటి. ఈ చిన్న జాగ్రత్త ఎంత గొడవను ఆపుతుందో ఇలాంటి ఇళ్లను దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. డబ్బంతా కోడలి ఖాతాకు వెళ్లి, అత్తమామలు ఊళ్లో ఉండిపోయి, నాలుగేళ్లకు మాటలు లేకుండా పోయిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. తప్పు ఒకరిది అనలేం. మీరు ఇచ్చేది చిన్న మొత్తమైనా ఎవరి పేరున ఇస్తున్నారో చూసుకోండి.

2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన శ్రీసత్యసాయి జిల్లా జవాను మురళీ నాయక్ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ 50 లక్షలు, అయిదెకరాల పొలం, ఇంటి స్థలం, ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. టీవీల్లో వచ్చిన కుటుంబాలకు సాయం అందుతుంది, అందాలి కూడా. మీ దగ్గర ఉన్నది పదివేలైతే, అది ఎవరూ చూడని ఇంటికి వెళ్లే దారి ఉమ్మడి నిధే.

పన్ను మినహాయింపు వస్తుందా?

జాతీయ రక్షణ నిధికి ఇచ్చినదానికి అందరూ 80జి అని పిలుచుకునే మినహాయింపు నూటికి నూరు శాతం. మిగతా వాటికి రసీదు మీద ఏం రాసి ఉందో చూసుకోండి. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే ఈ మినహాయింపు లేదు. నగదుగా 2,000 దాటి ఇచ్చినా లేదు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్లం. పంపవచ్చా?

పాస్‌పోర్టు ఇండియాదే అయితే, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే దాన్ని విదేశీ విరాళంగా చూడరు. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు చాలావరకు ఏ ఇబ్బందీ ఉండదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ల డబ్బు మాత్రం విదేశీ మూలం కిందికి వస్తుంది. పంపే ముందు ఆ నిధి వాళ్లకు మెయిల్ పెట్టి అడగండి. అమెరికాలో ఉన్న తమ్ముడి డబ్బును ఇక్కడి అన్నయ్య ఖాతాలో వేయించి పంపేయడం లాంటి షార్ట్‌కట్‌లు వద్దు.

మా కాలనీ సంఘం తరఫున వసూలు చేయాలనుకుంటున్నాం. ఎలా?

డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ వెళ్లకుండా చూసుకోండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. "అందరిదీ కార్యదర్శికి ఫోన్‌పే చేయండి, ఆయన పంపుతాడు" అని మొదలవుతుంది, మూడు నెలలకు కార్యదర్శి మంచివాడే అయినా ఎవరో ఒకరు లెక్క అడుగుతారు, ఆయన నొచ్చుకుంటారు. ఎవరికి వాళ్లు నిధి వెబ్‌సైట్‌లో కట్టి రసీదు స్క్రీన్‌షాట్ గ్రూపులో పెడితే సరిపోతుంది. చెక్కులైతే నిధి పేరు మీదే రాయించి జిల్లా సైనిక సంక్షేమ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఫొటో కావాలంటే ఆయనతోనే దిగండి, కాదనరు.

కంపెనీలకైతే ఇంకో దారి ఉంది: మాజీ సైనికులు, యుద్ధ వితంతువులు, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్ల సంక్షేమానికి చేసే ఖర్చును కంపెనీల చట్టం సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం చేయాల్సిన ఖర్చు) కింద లెక్కకడుతుంది.

ఎప్పుడు ఇస్తే మంచిది?

యుద్ధం లేనప్పుడు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ, కాల్పులు జరుగుతున్న పది రోజుల్లో వచ్చేంత డబ్బు ఆ తర్వాత రెండేళ్లయినా రాదు. కాలు పోయిన జవానుకు కృత్రిమ కాలు కొన్నేళ్లకోసారి మార్చాలి, పిల్లల చదువు పదిహేనేళ్లు సాగాలి. ఉడతాభక్తిగా నెలకు రెండు వందలు ఆటో డెబిట్ పెట్టినా, ఏటా డిసెంబరు 7న ఒకసారి ఇచ్చినా, వేడిమీద ఒక్కసారి ఇచ్చే అయిదు వేల కంటే నిధికి పనికొస్తుంది. ఎంత వస్తుందో ముందే తెలిస్తేనే గ్రాంట్లు పెంచగలుగుతారు.

మా ఊళ్లో ఒక మాజీ సిపాయి ఉన్నాడు, పెన్షన్ లేదు. డబ్బు ఇవ్వలేను, ఇంకేమైనా చేయగలనా?

బహుశా మీరు చేయగలిగే పెద్ద సాయం ఇదే. గ్రాంట్లు ఉన్నా, దరఖాస్తు ఇప్పుడు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. డెబ్బై అయిదేళ్ల మనిషికి ఓటీపీ, స్కానింగ్, పాస్‌వర్డ్ అంటే టెన్షనే. సర్వీసు వివరాలుండే డిశ్చార్జి బుక్కు ఎక్కడుందో ముందు వెతికించండి, చాలాసార్లు పెట్టె అడుగున బట్టల కింద ఉంటుంది. అందులోని పేరుకూ ఆధార్‌లోని పేరుకూ అక్షరం తేడా ఉందేమో చూడండి. 'వెంకట్రావు' ఒకచోట, 'వెంకటేశ్వరరావు' ఒకచోట ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. అలా ఉంటే ఏ పత్రాలు సరిచేయించాలో సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి, ముందు ఆ పని పూర్తిచేయండి. మాజీ సైనికుడి గుర్తింపు కార్డు లేకపోతే అదీ అక్కడే ఇస్తారు. బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, ఫొటోలు పట్టుకుని ఆయన్ను బండి మీద ఎక్కించుకుని ఒక పని దినాన వెళ్లండి. జిల్లా కార్యాలయం పరిశీలించి రాష్ట్ర బోర్డుకు, అక్కడి నుంచి ఢిల్లీకి పంపుతుంది. నెలలు పట్టవచ్చు. ఫోన్ నంబరు మీది ఇచ్చి, మధ్యమధ్యలో వెబ్‌సైట్‌లో స్టేటస్ చూస్తూ ఉండండి. ఏదో ఒక కాగితం సరిగా లేదని ఒకసారైనా వెనక్కి వస్తుంది, దానికి ముందే సిద్ధపడండి.